అనీ బిసెంట్: యాభై ఏళ్లు తెగని పెళ్లి ముడి

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే పుణ్యాన పెరిగిన ఊరు ఖరగ్‌పూర్. వర్క్‌షాపు పనుల కోసం కోస్తా నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ తరాలుగా స్థిరపడ్డారు. వారిలో క్రైస్తవ కుటుంబాలున్నాయి. రైల్వేనే నమ్ముకున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు సరేసరి. 2001 వరకు ఆ క్వార్టర్లలో ఉండే క్రైస్తవ భార్యకు, భర్త కొడుతున్నాడన్న ఒక్క కారణంతో విడాకులు దొరికేవి కావు. అతనికి మరో స్త్రీతో సంబంధం ఉందని రుజువు చేయాలి. దానికి తోడు హింసనో, రెండేళ్లపాటు వదిలేయడాన్నో, రెండో పెళ్లినో కూడా రుజువు చేయాలి. అదే భర్త విడాకులు అడిగితే భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. జిల్లా కోర్టు డిక్రీ ఇచ్చినా, పైన కలకత్తా హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అది చెల్లదు.

ఇది 1869 నాటి భారత విడాకుల చట్టం. ఇంగ్లండ్‌లో 1857లో వచ్చిన చట్టాన్ని చూసి రాసుకున్నది. ఆ మాతృక కింద నలిగిన ఒక స్త్రీ తెలుగువాళ్లకు బాగా పరిచయం. మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీ బిసెంట్ ఆమె. హోంరూల్ నాయకురాలిగా, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలిగా ఆమె జీవితం అందరికీ తెలుసు. ఆ జీవితం వెనుక తెగని పెళ్లి ఒకటి ఉంది.

అనీ వుడ్ 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టారు. అయిదేళ్లకే తండ్రి పోయారు. తల్లి హారోలో విద్యార్థులకు బస, భోజనం పెట్టి ఇల్లు నడిపింది. అనీ చిన్నప్పటి నుంచీ గాఢమైన భక్తురాలు. దైవసేవలో ఉన్న మనిషిని చేసుకుంటే తన జీవితమూ సేవకే అంకితమవుతుందనుకున్నారు. 1867 డిసెంబరులో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆంగ్లికన్ గురువు ఫ్రాంక్ బిసెంట్‌ను పెళ్లాడారు. 1869లో కొడుకు డిగ్బీ, 1870లో కూతురు మేబెల్ పుట్టారు.

కాపురం మొదటి నుంచీ సరిగా లేదు. భర్త మాట శాసనం. చేయి కూడా చేసుకునేవాడని ఆమె తర్వాత ఆరోపించారు. కథలు రాసి తొలిసారి నాలుగు డబ్బులు సంపాదించుకున్నప్పుడు, భార్య సంపాదన చట్టప్రకారం భర్తదేనని ఆమెకు తెలిసొచ్చింది. 1871లో పసిబిడ్డ మేబెల్ కోరింత దగ్గుతో వారాల తరబడి ఊపిరాడక కొట్టుకుంది. అన్నెంపున్నెం ఎరుగని బిడ్డకు ఈ బాధ పెట్టే దేవుడేమిటన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. సందేహాలు తీర్చమని ఆక్స్‌ఫర్డ్ వెళ్లి పేరుమోసిన మతాచార్యుడు డాక్టర్ ప్యూసీని కలిశారు. ఇప్పటికే ఎక్కువ చదివావు, ఇక చాలించమన్నది ఆయన సలహా.

1872లో ఫ్రాంక్ లింకన్‌షైర్‌లోని సిబ్సీ గ్రామానికి గురువుగా వచ్చారు. పాస్టరమ్మగా అనీ రోగులకు సేవ చేశారు, చర్చికీ వెళ్లారు. అయితే క్రీస్తు దైవత్వాన్ని నమ్మలేకపోతున్నాను కాబట్టి ప్రభు భోజన సంస్కారం మాత్రం తీసుకోనన్నారు. ఊరందరి ముందూ అయ్యగారి భార్య లేచి బయటికి నడవడం ఫ్రాంక్‌కు తలకొట్టేసినట్టయింది. 1873లో తేల్చి చెప్పారు: సంస్కారం తీసుకో, లేదంటే ఇల్లు వదిలి వెళ్లు. అనీ వెళ్లిపోయారు.

ఇక్కడ క్రైస్తవ బోధను ఒకసారి చూడాలి. భార్యను వదిలి మరొకరిని చేసుకుంటే అది వ్యభిచారమేనని యేసు చెప్పినట్టు మార్కు సువార్తలో ఉంది. మత్తయి సువార్త దీనికి లైంగిక అవినీతి అన్న ఒక్క మినహాయింపు ఇస్తుంది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం పరిత్యాగ పత్రం రాసిచ్చి భార్యను పంపేసే హక్కు భర్తకుండేది. ఆ హక్కుకు అడ్డుకట్టగా వచ్చిన బోధ ఇది. నిరాధారంగా వీధిన పడే స్త్రీకి అది రక్షణ. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు మరో మాట చేర్చాడు: విశ్వాసం లేని భార్య కలిసి ఉండటానికి ఇష్టపడితే విశ్వాసి అయిన భర్త ఆమెను విడిచిపెట్టకూడదు. ఆ లెక్కన సిబ్సీ చర్చి గురువు పెట్టిన షరతుకు ఆయన బోధించే గ్రంథంలోనే ఆధారం కనిపించదు.

కానీ సంసారాలను నడిపింది ఈ సూక్ష్మాలు కాదు, వాటిని గట్టిపరిచిన చట్టం. శతాబ్దాలపాటు ఇంగ్లండ్‌లో పెళ్లి తగాదాలు చర్చి కోర్టుల్లో తేలేవి. అవి విడిగా బతకడానికి అనుమతి ఇచ్చేవి తప్ప మళ్లీ పెళ్లికి కాదు. పూర్తి విడాకులకు పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి, అంటే అది డబ్బున్నవారి వ్యవహారం. 1857 చట్టం ఆ అధికారాన్ని మామూలు కోర్టుకు మార్చింది. భర్తకో తూకం, భార్యకో తూకం మాత్రం అలాగే ఉంచింది. వ్యభిచారం ఊసే లేని బిసెంట్ దంపతులిద్దరికీ ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది విడిగా ఉండే ఒప్పందమే. 1873లో రాసుకున్న ఆ కాగితం ప్రకారం కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర. తల్లికి ఏడాదికి 110 పౌండ్ల భరణం.

అనీ నాస్తికోద్యమంలో చేరి చార్లెస్ బ్రాడ్లాతో కలిసి పనిచేశారు. 1877లో ఇద్దరూ సంతాన నియంత్రణ మీద నోల్టన్ రాసిన పుస్తకాన్ని అచ్చువేసి కేసు ఎదుర్కొన్నారు. ఆరు నెలల జైలుశిక్ష సాంకేతిక కారణాలతో కొట్టుడుపోయింది. అయితే అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. కూతుర్ని ఇప్పించమని ఫ్రాంక్ కోర్టుకెక్కారు. 1878లో న్యాయమూర్తి జార్జ్ జెస్సెల్ ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చారు. బిడ్డకు మతబోధ చేయించని తల్లి, అలాంటి పుస్తకం వేసిన తల్లి పెంపకానికి తగదన్నది సారాంశం. ఎనిమిదేళ్లు నిండని మేబెల్‌ను తీసుకుపోయారు.

అప్పుడు అనీ భర్తపై దావాకు సిద్ధమయ్యారు. 1879లో కోర్టు ఆ దారీ మూసింది: విడిగా ఉంటానని ఒప్పందం రాసుకున్నారు కనుక దావా వేయడానికి వీల్లేదని. అంటే ఒకే కాగితం భర్తను కాపాడే చోట చెల్లింది, తల్లికి బిడ్డనిచ్చిన చోట చెల్లలేదు. బిడ్డ పోయింది, మెడలో పెళ్లి మిగిలింది. ఆ రోజుల్లోనే ఆమె వివాహ వ్యవస్థ మీద చిన్న పుస్తకం రాసి, భార్యను ఆస్తిగా చూసే చట్టాన్ని ఎండగట్టారు, విడాకులు సులభం కావాలన్నారు. పెద్దయ్యాక పిల్లలిద్దరూ తల్లి దగ్గరికే వచ్చారు.

1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1893లో భారతదేశానికి వచ్చి, 1907లో సమాజం అధ్యక్షురాలయ్యారు. ఇక్కడా పాత కథ మరో రూపంలో ఎదురైంది. ఈసారి బిడ్డల్ని పోగొట్టుకున్న పక్షంలో ఆమె లేరు. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో రిటైరై అడయారు చేరారు. 1910లో కొడుకులు కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను బిసెంట్‌కు అప్పగిస్తూ సంతకం చేశారు. ఆమె వారిని ఇంగ్లండ్ తీసుకెళ్లారు. లెడ్‌బీటర్ సాంగత్యం తన పిల్లలకు వద్దని నారాయణయ్య 1912లో దావా వేశారు. బిసెంట్ తన కేసు తానే వాదించుకున్నారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షం వహించింది. కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన తండ్రి హక్కు శాశ్వతంగా పోదన్నమాట. ముప్పై అయిదేళ్ల కిందట ఆమె ఒప్పందాన్ని ఓడించింది దాదాపు ఇలాంటి తర్కమే. 1914లో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును రద్దు చేసింది. పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్నారని, వారి మాట వినలేదని చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక తెలుగు తండ్రి మీద గెలిచారు. ఆ మరుసటి ఏడాదే మదనపల్లెలో కాలేజీ వెలిసింది.

1917లో ప్రభుత్వం ఆమెను ఊటీలో నిర్బంధించింది. విడుదలయ్యాక డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. సిబ్సీలో ఫ్రాంక్ కన్నుమూసిందీ ఆ ఏడాదే. దాదాపు యాభై ఏళ్ల పెళ్లి అలా ముగిసింది. కోర్టు కాదు, మృత్యువే ముడి విప్పింది. 1933 సెప్టెంబరు 20న అడయారులో మరణించేదాకా ఆమె బిసెంట్‌గానే ఉన్నారు.

ఇంగ్లండ్ 1923లో వ్యభిచారం విషయంలో భార్యాభర్తలను సమానం చేసింది. 1937లో హింస, పరిత్యాగాలను సొంతంగా చాలిన కారణాలుగా ఒప్పుకుంది. వలస పాలనలో మనకు వచ్చిన నకలు మాత్రం స్వతంత్రం వచ్చాకా కదల్లేదు. 1995లో కేరళ హైకోర్టు భార్యపై ఉన్న అదనపు రుజువు భారాన్ని కొట్టేసింది. 2001లో పార్లమెంటు దేశమంతటా సవరించింది. ఈ ఆలస్యానికి బోధను ఒక్కదాన్నే తప్పుపట్టలేం. భార్యను వీధిన పడేయొద్దని పుట్టిన మాటను, భార్య ఇల్లు దాటకుండా వేసిన తాళంగా మార్చింది చట్టం. ఆ తాళం ఇంగ్లండ్‌లో ఊడాక కూడా ఖరగ్‌పూర్ క్వార్టర్లలో, గుంటూరు పేటల్లో ఆరు దశాబ్దాలకు పైగా వేలాడింది.