చావింటి మైకులో మన చౌటపల్లి గొంతు

ఊళ్లో ఎవరన్నా పోతే మైకులో ఘంటసాల భగవద్గీత పెడతారు. చిన్నప్పుడు ఆ గొంతు వింటేనే నాకు భయమేసేది. ఆయన మన గుడివాడ పక్క చౌటపల్లిలో 1922లో పుట్టాడని చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నతనంలోనే నాన్న పోయాడు. ఉంగరం అమ్ముకుని సంగీతానికి విజయనగరం పోయాడు. జోలె కట్టుకుని ఇల్లిల్లూ మధూకరం ఎత్తుకుని తిన్నాడు. ఈ ముక్క మనోళ్లు చెప్పరెందుకో! 1942 ఉద్యమంలో జైలుకీ పోయాడు. పాటగాడనే అంటాం గానీ, ‘పాతాళభైరవి’కి బాణీలు కట్టిందీ ఆయనే. ‘మాయాబజార్’కి సాలూరి నాలుగు బాణీలు చేసి తప్పుకుంటే మిగతా భారమంతా మోశాడు. 1974 ఫిబ్రవరిలో, 51 ఏళ్లకే పోయాడు. తను పాడిన గీత రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేడు.