ఇల్లు పోయిన సావిత్రమ్మ ఎంతమందికి ఇల్లైందో

జనవరి 3 వస్తే మన బళ్లల్ల సావిత్రిబాయి ఫూలే ఫొటోకు దండేస్తరు. మొదటి పంతులమ్మ అని రెండు ముచ్చట్లు చెప్తరు, చాక్లెట్లు పంచుతరు, ఐపాయె. ఆమెకు 18 ఏండ్లప్పుడు ఉండెతందుకు ఇల్లు లేకుంట పోయిందన్న సంగతి మాత్రం ఎక్వ మంది చెప్పరు. నాకు గా ముచ్చటే పదే పదే యాదికొస్తది. పట్నంల కిరాయి రూమ్ కోసం తిరిగినప్పుడు కులం అడిగి తలుపేసుకున్నోళ్లను నేను చూసిన. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కూడ శానమంది చూసే ఉంటరు.

సతారా జిల్లా నాయ్‌గావ్‌ల 1831ల పుట్టింది సావిత్రమ్మ. 9 ఏండ్లకే పెండ్లి. జ్యోతిబాకు అప్పుడు 13. ఆయినెనే ఆమెకు సదువు చెప్పిండు. 1848ల పుణెల భిడే వాడల ఆడపిల్లలకు బడి పెట్టిండ్రు. బడికి పోతుంటే మీద పెండ, మట్టి ఏస్తుంటే ఇంకో చీర సంచిల పెట్టుకొని పోయేదని మీరు ఇన్నదే, మళ్ల చెప్ప.

అసలు దెబ్బ ఇంట్లకెళ్లి తగిలింది. ఆడోళ్లకు, అంటరానోళ్లకు సదువు చెప్పుడేందని పెద్దకులాలోళ్లు జ్యోతిబా నాయిన గోవిందరావు మీద పడ్డరు. పూల మీద బతికే మనిషి, బుగులు పడ్డడు. బడన్న బంద్ పెట్టుండ్రి, లేకుంటే ఇల్లన్న ఇడువుండ్రి అన్నడు. ఆ ముసలాయన్ని నేనైతే తిట్టలేను. కులం వెలేస్తే బతుకు ఎట్లుంటదో మన ఊళ్లల్ల ఇప్పటికీ ఎరుకే. బడి మానేస్తే ఇల్లు దక్కేది. గా ఇద్దరు బడినే ఉంచుకొని 1849ల కట్టుబట్టలతోని బయటికొచ్చిండ్రు.

జాగ ఇచ్చింది ఎవరో తెల్సా? దోస్తు ఉస్మాన్ షేక్. ఆయిన ఇంటి ఫాతిమా షేక్ సావిత్రమ్మ పక్కన నిలబడి బడి పని చేసింది. 1856ల పానం బాగలేక పుట్టింట్ల ఉన్నప్పుడు మొగనికి రాసిన ఉత్తరంల కూడ, పనంత ఫాతిమా మీదనే పడుతుందని సావిత్రమ్మ రంధి పడ్డది. గియ్యాల హిందూ, ముస్లిం అని వాట్సాప్‌ల కొట్టుకునేటోళ్లు జర గిది సదువాలె.

తర్వాత వాళ్లకు సొంతిల్లు అయ్యింది. గా ఇంటిని ఏం జేసిండ్రన్నదే నాకు ముఖ్యం. జ్యోతిబా దోస్తు ఇంట్ల వంట చేసే కాశీబాయి అని ఒక బ్రాహ్మణ ఆడబిడ్డ ఉండె. మొగడు సచ్చిపోయిండు. ఒకడు మోసం జేస్తే కడుపైంది. లోకానికి బుగులు పడి పుట్టిన బిడ్డను సంపి బాయిలేసింది. కోర్టు ఆమెకు అండమాన్ శిక్ష ఏసింది. మోసం జేసినోనికి ఏం కాలే.

గా సంగతి వీళ్లను నిద్ర పోనియ్యలే. 1863ల తమ ఇంట్లనే కాన్పుల ఆశ్రమం పెట్టిండ్రు. మొగడు సచ్చి కడుపైన ఆడోళ్లు గుట్టుగ వచ్చి కాన్పు చేస్కోవచ్చు, బిడ్డను తీస్కపోవచ్చు లేకుంటే మా దగ్గర్నే ఇడిసిపోవచ్చు అని ఊరి గోడలకు కాయిదాలు అంటిచ్చిండ్రు. 1884 నాటికి 35 మంది అచ్చిండ్రని జ్యోతిబానే రాసిండు. ఏ కులపోళ్లు వీళ్లను ఎల్లగొట్టిచ్చిండ్రో, ఆ కులం ఆడబిడ్డల కోసమే గీ తలుపులు తెరిచిండ్రు. పురుడు పోసి, సాది, పెంచింది సావిత్రమ్మ. సొంత పిల్లలు లేరు. అట్ల అచ్చిన ఒక తల్లి కన్న కొడుకునే 1874ల దత్తత తీస్కొని యశ్వంత్ అని పేరు పెట్టుకుంది, డాక్టర్‌ను చేసింది.

1868ల ఇంటి ముంగట నీళ్ల హౌజును అంటరానోళ్లందరికీ ఇడిసిపెట్టిండ్రు. 1876, 77ల కరువొచ్చింది. మన ముసలోళ్లు ధాత కరువు అని చెప్పేది గదే, రాయలసీమను పీల్చి పిప్పి చేసింది. అటు మహారాష్ట్రల సావిత్రమ్మ ఊళ్లు తిరిగి ఆకలిగొన్న పిల్లలకు బువ్వ పెట్టించింది.

1890ల జ్యోతిబా పోయిండు. శవం ముంగట నిప్పుకుండ పట్టుకొని ఆమెనే నడిసింది. ఆడది నిప్పుకుండ పట్టుడు అప్పట్ల మామూలు సంగతా!

1897ల పుణెల ప్లేగు. యశ్వంత్ ఊరి బయట పొలాలల్ల దవఖాన పెట్టిండు. ముంఢ్వా మహర్‌వాడల ఒక పిలగానికి ప్లేగు తగిలిందని తెలిస్తే, 66 ఏండ్ల ముసలామె తన ఈపు మీద ఏస్కొని దవఖానకు మోసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకు అంటింది. మార్చి 10 రాత్రి పానం ఇడిసింది.