పన్ను వద్దని ఊరే వదిలేశారు: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

గుంటూరు నుంచి ఒంగోలు వైపు రైల్లో వెళ్లేవాళ్లకి చీరాల స్టేషన్ బాగా తెలుసు. బట్టల మార్కెట్టు, పక్కనే సముద్రం, బండి ఆగే ఆ కాసేపట్లో ఓ టీ. కానీ వందేళ్ల కింద ఈ ఊరి జనం ఒక వేసవిలో ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లా, గొడ్డూగోదా, మగ్గాలతో సహా ఊరి బయటికి వెళ్లిపోయారని మనలో ఎంతమందికి తెలుసు? స్కూల్లో చీరాల-పేరాల ఉద్యమం అని రెండు మార్కుల ప్రశ్నగా చదివేశాం, అంతే. ఆ జనాన్ని నడిపించిన మనిషి గురించి ఈసారి రాద్దామనిపించింది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. అయినా చదువు ఆగలేదు. ఏకంగా స్కాట్లాండులోని ఎడిన్‌బరో యూనివర్సిటీకి వెళ్లి ఎం.ఏ. చేసి వచ్చారు. విదేశాల్లో ఉన్న రోజుల్లోనే కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1917లో దాన్ని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చేసింది. అంటే ఈయన కేవలం రాజకీయ నాయకుడు కాదు, పాట, ఆట, పద్యం అన్నీ తెలిసిన మనిషి. మాటకారితనం, చమత్కారం గురించి ఇక చెప్పక్కర్లేదు, ఆయన చాటువులు ఇప్పటికీ పెద్దవాళ్ల నోళ్లలో ఉన్నాయి.

అలాంటి డిగ్రీ ఉన్నవాడు సర్కారు కొలువులో హాయిగా స్థిరపడిపోవచ్చు. రాజమండ్రిలో, తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు గానీ ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి చీరాల చేరి, కళలు, విద్య కోసం ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించారు.

అసలు గొడవ ఏంటంటే, అప్పటిదాకా చీరాల, పేరాల ఒక యూనియన్ కింద ఉండేవి. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం వాటిని కలిపి మున్సిపాలిటీ చేసేసరికి అది 40,000 దాకా పోయింది. జనాభా చూస్తే 15,000, అందులో ఎక్కువమంది నేతపనివాళ్లు, చిన్న రైతులు. మగ్గం మీద బతికేవాడికి పది రెట్ల పన్నంటే మాటలా? అర్జీలు పెట్టారు, ఫలితం లేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, జీతమిచ్చి ఒక ఛైర్మన్‌ని కూర్చోబెట్టింది. పన్ను కట్టనివాళ్లను జైలుకు పంపింది. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మున్సిపాలిటీ అంటే స్థానిక స్వపరిపాలన కదా, మంచిదే కదా అనుకుంటాం. కానీ ఎన్నికైనవాళ్లు వెళ్లిపోయాక కూడా నడిచే మున్సిపాలిటీలో మిగిలిన స్వపరిపాలన ఎంత? జనం అడిగింది ఇదే.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. హింస లేకుండా చేసేటట్టయితే రెండు దారులున్నాయన్నారు: పన్ను కట్టకుండా ఏ శిక్షకైనా సిద్ధపడటం, లేదా ఊరే వదిలి మున్సిపల్ హద్దు దాటిపోవడం. అయితే కాంగ్రెస్ నుంచి సాయం వస్తుందని ఆశ పెట్టుకోవద్దని కూడా స్పష్టంగా చెప్పారు. గోపాలకృష్ణయ్య గారు రెండో దారి ఎంచుకున్నారు. ఎండలు మండుతుండగా దాదాపు ఊరంతా కదిలింది. హద్దు అవతల పాకలు లేచాయి. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. కాషాయ బట్టలు, రుద్రాక్షమాలలతో ఆయన తయారుచేసిన రామదండు వాలంటీర్లు కాపలా, సేవ అన్నీ చూసుకున్నారు. కులాలవారీగా ప్రతినిధులను ఎన్నుకుని, తగాదాలు అక్కడే తీర్చుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిన మున్సిపాలిటీ కాదని, తమది తామే కట్టుకున్నారన్నమాట.

ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే చూశారు. పదకొండు నెలలు! డబ్బు అయిపోతోంది. విరాళాల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో మాట్లాడొద్దని ఆజ్ఞ ఇచ్చారు. ఆయన మాట్లాడారు. ఏడాది జైలుశిక్ష పడింది, తిరుచిరాపల్లి పంపారు. నాయకుడు లేని రామనగర్ మెల్లగా ఖాళీ అయింది. జనం పాత ఇళ్లకు తిరిగొచ్చారు, పన్నూ కట్టారు.

మరి ఓడిపోయినట్టేనా? లెక్క ప్రకారం ఓడిపోయారు. ఆయన మీద నాకూ ఒక ప్రశ్న ఉంది. సాయం రాదని తెలిసీ, రోజు కూలి మీద బతికే వేలమందిని అంత కష్టంలోకి తీసుకెళ్లడం సబబేనా? ఆ భారం మోసింది ఎక్కువగా పేదలే. కానీ తాను మాత్రం సుఖంగా ఉండి వాళ్లను పంపలేదన్నది కూడా నిజం. ఉన్నదంతా ఖర్చుపెట్టి, పేదరికంలో, క్షయతో 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నిండా నలభై ఏళ్లు కూడా లేవు.

ఇప్పుడు చీరాల మున్సిపాలిటీయే. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ముందు నుంచి రోజూ ఎన్నో బస్సులు పోతుంటాయి. ఈసారి చీరాలలో బండి ఆగినప్పుడు టీ తాగుతూ ఒక్కసారి బయటికి చూడండి. ఆ వీధులన్నీ ఒకప్పుడు పదకొండు నెలలు తాళాలతో ఉన్నాయి.