చెన్నపట్నం తరఫున మాట్లాడిన గాజుల లక్ష్మీనర్సు శెట్టి

చెన్నై హైకోర్టు దాటి ఉత్తరంగా నడిస్తే జార్జిటౌన్ వస్తుంది. 1906లో యువరాజు జార్జి పేరు పెట్టేదాకా అది బ్లాక్‌టౌన్, అంటే నల్లవాళ్ల ఊరు. ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట అన్న పేర్లు వింటేనే అక్కడ మనం ఎంత పాతకాపులమో తెలుస్తుంది. తెలుగు, తమిళ వర్తకులు, గుజరాతీలు, అర్మేనియన్లు ఆ వీధుల్లో ఇరుగుపొరుగుగా బతికారు.

గాజుల లక్ష్మీనర్సు శెట్టి 1806లో ఈ పట్నంలోనే పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వ్యాపారి. అప్పటికి కట్టుదిట్టమైన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, మసూలా పడవలు అలలను దాటి సరుకు ఒడ్డుకు చేర్చేవి. ఆ వ్యాపారంలో డబ్బు పేటలోనూ ఉండేది, అధికారం మాత్రం కోటలోనే. పేట మాట కోటకు వినబడేది కాదు.

అది వినిపించడానికే ఆయన 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. సర్కారు బడుల్లో బైబిలు బోధించాలన్న ప్రయత్నాన్ని ఎదిరించారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించి, శిస్తు భారం, కోర్టుల తీరుపై బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపించారు. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోర్ వచ్చినప్పుడు జిల్లాలు తిప్పి, శిస్తు వసూలుకు రైతులను హింసించే తీరు చూపించారు. లండన్‌లో చర్చ జరిగి, విచారణ సంఘం ఏర్పడింది. హింస నిజమేనని 1855లో ఆ సంఘం తేల్చింది.

1863లో మద్రాసు శాసనమండలిలో సభ్యులయ్యారు. ప్రజల పనికే ఆస్తి కరిగిపోగా, 1868లో పేదవాడిగానే కన్నుమూశారు.

తర్వాత రేవు కట్టారు, మసూలా పడవలు పోయాయి. షావుకారుపేటలో రాజస్థానీ, గుజరాతీ కుటుంబాలు పెరిగాయి. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల టోకు మార్కెట్టు కోయంబేడుకు తరలింది. మనవాళ్లూ చాలామంది ఇతర పేటలకు వెళ్లిపోయారు. కన్యకాపరమేశ్వరి ఆలయం మాత్రం అక్కడే ఉంది.

పేట మారిందని మనం బాధపడనక్కర్లేదు. వచ్చేపోయేవాళ్లతోనే పెరిగిన ఊరది. మరచిపోకూడనిది ఇంకొకటి ఉంది. లక్ష్మీనర్సు శెట్టి తన పేట కోసమే కాదు, తమిళ జిల్లాల రైతుల కోసం కూడా మాట్లాడారు. పరభాషా రాష్ట్రంలో బతికే మనం ఉన్న ఊరిని సొంతం చేసుకోవడమంటే అదే. ఈసారి గుడికి వెళ్లినప్పుడు పిల్లలకు ఆ వీధులు చూపించి, ఆయన కథ కూడా చెబుదాం.