ఎసిటిలీన్‌ను మచ్చిక చేసిన గుస్తాఫ్ దలేన్

మేడిపల్లి నుంచి ఉప్పల్ వైపు వరంగల్ రోడ్డు మీద వస్తుంటే వెల్డింగ్ షాపులు కనిపిస్తూనే ఉంటాయి. కాస్త అవతల నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. ఇనుప ప్లేటును గ్యాస్‌తో కోయడం ఇక్కడ రోజూ జరిగే పని. మెకానికల్ డిప్లొమానో, బీటెక్కో చదివి ఈ చుట్టుపక్కల ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఇంటర్వ్యూలో ఈ చిన్న ప్రశ్న మీకూ ఎదురుకావచ్చు. కటింగ్ టార్చ్‌కి ఎసిటిలీన్ మంచిదా, ప్రొపేన్ మంచిదా? ఎందుకు?

ఎసిటిలీన్ మంట వేడి ఎక్కువ కాబట్టి అదే మంచిది అని చాలామంది టక్కున చెప్పేస్తారు. అది సగం జవాబే. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని గేట్లు, గ్రిల్స్ పని మొదలుపెడదామనుకునేవాళ్లు ఆ సగం జవాబును నమ్ముకుంటే ప్రమాదం కూడా. మిగతా సగం అర్థం కావాలంటే స్వీడన్‌కు చెందిన ఒక ఇంజినీర్ గురించి తెలుసుకోవాలి. ఆయన పేరు గుస్తాఫ్ దలేన్. ఇవాళ మన వర్క్‌షాపుల్లో కనిపించే మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్ వెనక ఆయన కష్టం చాలా ఉంది. ఆ కష్టానికి ఆయన రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు.

పాల నుంచి ఇంజినీరింగ్‌కు

దలేన్ 1869 నవంబర్ 30న స్టెన్‌స్టార్ప్ అనే ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టాడు. పెద్ద చదువులేమీ లేవు. ఇంటి వ్యవసాయమే చూసుకున్నాడు. దానికి కూరగాయల తోట, విత్తనాల అమ్మకం, డెయిరీ జోడించాడు. పాలు తెచ్చేవాళ్లకు వెన్న శాతాన్ని బట్టి డబ్బులివ్వాలి కదా. మన ఊళ్లలో పాలకేంద్రం దగ్గర ఇప్పటికీ జరిగేది అదే. విజయ డెయిరీకి వెళ్లే పాలైనా అలా కొలిచినవే. దలేన్ 1892లో పాలలో వెన్న కొలిచే పరికరం ఒకటి సొంతంగా తయారుచేశాడు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

దాన్ని పట్టుకుని స్టాక్‌హోం వెళ్లి గుస్తాఫ్ డి లావల్‌కు చూపించాడు. ఆవిరి టర్బైన్ పాఠంలో డి లావల్ నాజిల్ చదివారు కదా, ఆయనే ఈయన. పాల నుంచి మీగడ వేరుచేసే యంత్రంతో అప్పటికే బాగా పేరున్న మనిషి. కుర్రాడి పనితనం ఆయనకు నచ్చింది. కానీ ముందు సాంకేతిక విద్య నేర్చుకోమని సలహా ఇచ్చాడు.

ఆ సలహాను దలేన్ అవమానంగా తీసుకోలేదు. డెయిరీ వదిలి గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1896లో ఇంజినీరై బయటికొచ్చాడు. తర్వాత ఒక ఏడాది జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చదివాడు. తోటివాళ్ల కన్నా ఆలస్యంగా డిగ్రీ చేతికొచ్చిందని దిగులుపడేవాళ్లు ఈ తేదీలు ఒకసారి లెక్కేసుకోండి. డిగ్రీ వచ్చేనాటికి ఆయనకు 26 దాటాయి.

భయపెట్టే గ్యాస్

అదే సమయంలో ఎసిటిలీన్ కొత్త సంచలనం. 1892లో కాల్షియం కార్బైడ్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే దారి దొరికింది. మామిడికాయలు మగ్గబెట్టడానికి కొందరు దొంగచాటుగా వాడతారే, అదే కార్బైడ్. నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వస్తుంది. దాని వెలుగు తెల్లగా, ధగధగలాడుతూ ఉంటుంది. 1895లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లె షాట్లియే ఈ గ్యాస్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే అప్పటిదాకా తెలిసిన గ్యాస్ మంటలకన్నా ఎక్కువ వేడి వస్తుందని చూపించాడు. కెమిస్ట్రీలో మీరు చదివిన లె షాట్లియే సూత్రం ఈయనదే. మన గ్యాస్ వెల్డింగ్, కటింగ్ టార్చ్‌లు అక్కడి నుంచే పుట్టాయి.

చిక్కల్లా దాన్ని నిల్వ చేయడం దగ్గరే. ఎసిటిలీన్ అణువులో రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలుంటాయి. వాటిలో శక్తి బిగబట్టి ఉంటుంది. మామూలు గ్యాస్‌లాగా సిలిండర్‌లో కుక్కితే గాలి గానీ, ఆక్సిజన్ గానీ లేకపోయినా తనంతట తానే విడిపోయి పేలగలదు. అందుకే ఇప్పటికీ టార్చ్ గొట్టంలో దీని ఒత్తిడి 15 పీఎస్ఐ దాటనివ్వరు.

1890ల్లో ఫ్రాన్స్‌లో జార్జ్ క్లాడ్, ఆల్బర్ట్ హెస్ ఒక ఉపాయం కనిపెట్టారు. ఎసిటిలీన్ అసిటోన్‌లో చక్కెర నీళ్లలో కరిగినట్టు కరుగుతుంది. మామూలు ఒత్తిడిలోనే ఒక లీటరు అసిటోన్ దాదాపు 25 లీటర్ల గ్యాస్‌ను పట్టుకుంటుంది. సిలిండర్ నిండా సన్నని రంధ్రాలున్న పదార్థం నింపి, దానికి అసిటోన్ పట్టిస్తే గ్యాస్ బుద్ధిగా ఉంటుంది. అయితే ఆ పదార్థం రవాణాలో కుదుపులకు చిట్లిపోయేది. చిట్లినచోట ఖాళీ ఏర్పడేది. ఆ ఖాళీలో చేరిన గ్యాస్‌తో మళ్లీ పేలుడు భయం మొదటికొచ్చేది.

దలేన్ పట్టుకున్నది సరిగ్గా ఈ లోపాన్నే. 1901లో ఒక కార్బైడ్, ఎసిటిలీన్ కంపెనీలో సాంకేతిక విభాగం అధిపతిగా చేరాడు. 1906లో గ్యాస్ అక్యుమ్యులేటర్ కంపెనీకి చీఫ్ ఇంజినీర్ అయ్యాడు. కుదుపులకు చెదరని రంధ్రాల పదార్థాన్ని తయారుచేసి దానికి ఆగామాసన్ అని పేరుపెట్టాడు. అందులో ఆస్‌బెస్టాస్ లాంటివి ఉండేవి. ఇప్పుడు వాటి బదులు వేరే పదార్థాలు వాడుతున్నారు. సూత్రం మాత్రం అదే. మన షాపుల్లో డీఏ సిలిండర్ అంటారు కదా. డీఏ అంటే డిజాల్వ్‌డ్ ఎసిటిలీన్, అంటే కరిగించిన ఎసిటిలీన్.

సూర్యుడితో నడిచే కవాటం

ఆ రోజుల్లో ఈ గ్యాస్‌కు పెద్ద గిరాకీ సముద్రంలోని లైట్‌హౌస్‌ల దగ్గర ఉండేది. రాళ్ల మీద, నీళ్లలో ఒంటరిగా ఉండే దీపాలవి. రాత్రీపగలూ మండితే గ్యాస్ ఊరికే అయిపోతుంది. దలేన్ ముందు దీపం మిణుకుమిణుకుమనేలా గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే పరికరం చేశాడు. 1907లో సూర్య కవాటం తయారుచేశాడు. అందులో నాలుగు లోహపు కడ్డీలుంటాయి. మధ్యది నల్లది, చుట్టూ ఉన్న మూడూ అద్దంలా మెరిసేవి. తెల్లారితే నల్ల కడ్డీ వెలుతురును పీల్చుకుని, వేడెక్కి, మిగతావాటికన్నా ఎక్కువ సాగి గ్యాస్ దారి మూసేస్తుంది. చీకటి పడగానే మళ్లీ తెరుచుకుంటుంది. కరెంటు లేదు, కాపలా మనిషి లేడు. ఈ పరికరాలన్నీ కలిసి గ్యాస్ ఖర్చును 90 శాతం దాకా తగ్గించాయి. పనామా కాలువ దీపాల ఆర్డరు కూడా ఆయన కంపెనీకే వచ్చింది. 1909లో కంపెనీ ఆగా పేరుతో కొత్త రూపం తీసుకున్నప్పుడు ఆయనే మేనేజింగ్ డైరెక్టర్.

1912లో సిలిండర్ల భద్రతా పరీక్షలో ఉండగా పేలుడు జరిగింది. దలేన్ తీవ్రంగా గాయపడ్డాడు. ప్రాణం దక్కింది కానీ చూపు పూర్తిగా పోయింది. అప్పటికి ఆయన వయసు 42. గమనించండి, ఆ గ్యాస్ గురించి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లలో ఆయనొకడు.

అదే ఏడాది ఆయనకు ఫిజిక్స్ నోబెల్ ప్రకటించారు. స్టాక్‌హోంలో జరిగిన సభకు ఆయన వెళ్లలేకపోయాడు. బదులుగా అన్నదమ్ముడు ఆల్బిన్ వెళ్లి అందుకున్నాడు. ఆల్బిన్ కళ్ల డాక్టర్.

చూపు లేకుండానే దలేన్ మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. మరో 25 ఏళ్లు అదే కంపెనీని నడిపాడు. ఇంట్లో భార్య ఎల్మా పొయ్యి దగ్గర రోజంతా పడే అవస్థ గమనించి, వేడిని దట్టమైన ఇనుములో నిల్వ చేసుకునే వంట పొయ్యి తయారుచేశాడు. 1922 నాటి ఆ ఆగా పొయ్యి యూరప్‌లో చాలా ఇళ్లకు చేరింది. 1937 డిసెంబర్ 9న ఆయన కన్నుమూశాడు.

మరి మీ జవాబు ఏమిటి?

ఇప్పుడు ప్రశ్నలోకి వద్దాం. గ్యాస్ కటింగ్‌లో ఇనుమును కోసేది నిజానికి గ్యాస్ మంట కాదు, ఆక్సిజన్. మంట ఇనుమును దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దాకా ఎర్రగా కాలుస్తుంది. అప్పుడు లివర్ నొక్కితే ఆక్సిజన్ ధార ఆ ఇనుమునే మండించి ఊడ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్, అల్యూమినియం ఈ పద్ధతిలో తెగకపోవడానికి కారణం అవి ఇలా మండకపోవడమే. అంటే ఇంధన గ్యాస్ పని వేడి చేయడం వరకే.

ఆక్సిజన్‌తో ఎసిటిలీన్ మంట సుమారు 3,150 డిగ్రీలు, ప్రొపేన్ మంట సుమారు 2,800 డిగ్రీలు. ఎసిటిలీన్‌తో ఇనుము తొందరగా ఎర్రబడుతుంది. గ్యాస్ వెల్డింగ్ కూడా చేయాలంటే అదే కావాలి. స్టీలు వెల్డింగ్‌కు ప్రొపేన్ పనికిరాదు. ప్రొపేన్‌తో మొదట కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆక్సిజన్ కూడా బాగా తాగుతుంది. ఒక వంతు ఎసిటిలీన్‌కు టార్చ్‌లో ఒక వంతు పైచిలుకు ఆక్సిజన్ చాలు, ప్రొపేన్‌కు దాదాపు నాలుగు వంతులు కావాలి. అందుకే ఖర్చు లెక్కేసేటప్పుడు ఆక్సిజన్ సిలిండర్‌ను మర్చిపోకండి.

ఇక భద్రత. గాలిలో 2 నుంచి 10 శాతం లోపు ఉంటేనే ప్రొపేన్ అంటుకుంటుంది. ఎసిటిలీన్ రెండున్నర శాతం నుంచి 80 శాతం దాకా అంటుకుంటుంది. డీఏ సిలిండర్‌ను పడుకోబెట్టి వాడితే అసిటోన్ బయటికొస్తుంది. గ్యాస్‌ను మరీ వేగంగా లాగినా అంతే. రాగి గొట్టాలు దానికి అస్సలు పనికిరావు, పేలే పదార్థం తయారవుతుంది. అలాగని ప్రొపేన్ అమాయకపుదేమీ కాదు. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లీకైతే సెల్లార్‌లో, డ్రైనేజీ గుంతలో చేరి కూర్చుంటుంది.

నా అంచనా చెప్తాను. ఇంటి దగ్గర అప్పుడప్పుడూ ఇనుప ప్లేటు కోయడానికే అయితే ప్రొపేన్ చాలు. ఇక్కడ దొరికేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. అది 19 కిలోల కమర్షియల్ సిలిండరే కావాలి, వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ను ఈ పనికి వాడకూడదు. నాజిల్, రెగ్యులేటర్, గొట్టం మూడూ ఆ గ్యాస్‌కు సరిపోయేవే కొనాలి. ఎసిటిలీన్ నాజిల్‌ను ఎల్పీజీకి తగిలించకూడదు. రెండు లైన్లకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ ఉండాలి. ఆక్సిజన్ వాల్వ్‌కు నూనె, గ్రీజు తగలకూడదు. సిలిండర్లు నిలబెట్టి, గొలుసు కట్టి, గాలి ఆడే చోట ఉంచాలి. మొదటిసారి టార్చ్ వెలిగించడం నేర్చినవాళ్ల పక్కనే జరగాలి. పలుచటి రేకు, చిన్న పైపులే కోసేదైతే అసలు గ్యాస్ ఎందుకు, గ్రైండర్ చాలు.

ఇంటర్వ్యూలో ఇదంతా అప్పజెప్పనక్కర్లేదు. పని ఏమిటి, మందం ఎంత, వెల్డింగ్ కూడా ఉందా, సిలిండర్ ఎక్కడ పెడతారు అని ముందు మీరే అడగండి. ఆ తర్వాత గ్యాస్ పేరు చెప్పండి. ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్ చేసిన కుర్రాడు మీ పక్కన కూర్చుని ఇదే ప్రశ్నకు చేతి అనుభవంతో జవాబు చెప్తాడు. మీ డిగ్రీకి విలువ రావాలంటే కారణం కూడా మీ నోటి నుంచి రావాలి. నాచారం వైపు వెళ్లినప్పుడు ఏదైనా షాపులో అడిగి ఒక పది నిమిషాలు కటింగ్ చూడండి. దూరంగా నిలబడి, కళ్లకు నల్ల అద్దాలు పెట్టుకునే చూడండి.