యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరమున 1895లో జన్మించిన సుబ్బారావుగారికి, మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించిన కారణమున, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. విద్యకు బట్టతో నేమి పని? 1923లో ఆయన అమెరికా చేరిరి.

ఆమ్లమును క్షారమును కలిసిన రెండింటి ఘాటును అణగి, లవణమును నీరును ఏర్పడును. సమీకరణమున ఇరుప్రక్కల పరమాణువులు, గ్రామలెక్కలలో జమాఖర్చులవలె, సరిపోవలయును. ఆదోనిలో పత్తిబేళ్లు మోయు హమాలీ కండరములయందును ఆమ్లము పుట్టును. దాని నణచున దేమి? హార్వర్డులో ఫిస్కేతో గూడి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని వెలయించిన సుబ్బారావుగారికి, 1927లో కండరమున ఫాస్ఫోక్రియేటిను కనబడెను. అది విడివడునపుడు ఆమ్లమును కొంత శమింపజేయును.

పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిను సిద్ధమాయెను. 1948 ఆగస్టులో, స్వదేశమునకు మరలి రాకయే, 53 ఏండ్లకు కన్నుమూసిరి.