హోమీ భాభా వేసిన కరెంటు లెక్క

బ్రాంచి నచ్చకపోయినా ఇంట్లోవాళ్ల మాట కాదనలేక మెకానికల్‌లో చేరినవాళ్లు మన కాలేజీలో కొందరైనా ఉంటారు. 1927లో కేంబ్రిడ్జిలోనూ అలాంటి కుర్రాడొకడు చేరాడు. పేరు హోమీ జహంగీర్ భాభా. 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. నాన్న లాయరు, మేనత్త టాటాల ఇంటి కోడలు. చదువు అయిపోగానే జంషెడ్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీకి పంపాలని పెద్దల ఆలోచన. కుర్రాడి మనసేమో ఫిజిక్సు మీద. చివరికి తండ్రీ కొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ముందు మెకానికల్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకోవాలి, తర్వాత నీ ఇష్టం. 1930లో తెచ్చుకున్నాడు. నాన్న కూడా మాట తప్పలేదు. (ఈ పేరా మీ ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించాలనుకుంటే మాకేం అభ్యంతరం లేదు.)

ఆ తర్వాత పదేళ్లలో కాస్మిక్ కిరణాల మీద ఆయన చేసిన పని, ఎలక్ట్రాన్ పాజిట్రాన్ల ఢీ మీద రాసిన పేపరు ఫిజిక్సు పుస్తకాల్లోకి ఎక్కాయి. 1939లో సెలవులకి ఇండియా వచ్చారు. అంతలో యుద్ధం మొదలైంది, తిరిగి వెళ్లడం కుదరలేదు. బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర ఉద్యోగంలో చేరారు. 1941లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అప్పటికి వయసు 31.

అసలు కథ 1944లో మొదలవుతుంది. ఆ మార్చిలో ఆయన దొరాబ్జీ టాటా ట్రస్టుకి ఒక ఉత్తరం రాశారు. మూల విజ్ఞానం మీద పరిశోధనకి ఒక సంస్థ కావాలి, రేపు అణువు నుంచి కరెంటు తీసే రోజు వస్తే నిపుణుల కోసం బయటి దేశాల వైపు చూడక్కర్లేకుండా ఉండాలి అని దాని సారాంశం. తేదీ గమనించండి. హిరోషిమా మీద బాంబు పడటానికి ఏడాదికి పైగా ముందు! ఆ ఉత్తరం నుంచే 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పుట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో అణుశక్తి కమిషన్ ఏర్పడింది. అధ్యక్షుడు భాభాయే. అందరూ దీనికి చప్పట్లు కొట్టలేదు. మేఘనాథ్ సాహా చిన్న శాస్త్రవేత్తేం కాదు. దేశంలో పరిశ్రమలే సరిగ్గా లేనప్పుడు, యూనివర్సిటీల్లో మనుషులే తయారు కానప్పుడు ఇంత తొందర ఎందుకని ఆయన అభ్యంతరం చెప్పారు. పనంతా రహస్యంగా సాగడం కూడా ఆయనకు నచ్చలేదు. భాభాకి మాత్రం నెహ్రూ అండ ఉంది. సాహా మాట పక్కకి పోయింది. ఈ ఒక్క విషయంలో నేను సాహా పక్షం. కరెంటు కోసం కట్టే కేంద్రం గురించి ఆ పక్క ఊళ్లో ఉండేవాడికి తెలియకూడనిది ఏముంటుంది?

ఇంతకీ భాభా లెక్క ఏమిటి? మన బొగ్గు ఎక్కువగా తూర్పున ఉంది, బొంబాయి లాంటి నగరాలు పడమర ఉన్నాయి. వ్యాగన్లలో బొగ్గు మోయడమే పెద్ద ఖర్చు. మన రియాక్టర్లలో ఒక కిలో సహజ యురేనియం ఇచ్చే కరెంటుకి బొగ్గయితే దాదాపు 30 టన్నులు కావాలి. అయితే యురేనియం మన దగ్గర తక్కువ. థోరియం మాత్రం కేరళ నుంచి మన శ్రీకాకుళం దాకా సముద్రపు ఇసుకలో బోలెడంత. చిక్కేమిటంటే థోరియం తనంతట తాను మండే సరుకు కాదు. అందుకే మూడు మెట్లు కట్టారు. మొదటి మెట్టులో సహజ యురేనియం వాడి ప్లుటోనియం తీయాలి. రెండో మెట్టులో ఆ ప్లుటోనియంతో, వాడినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించే బ్రీడర్ రియాక్టర్లు నడపాలి. మూడో మెట్టులో థోరియం నుంచి తయారైన యురేనియం 233తో నడవాలి. కాగితం మీద ఇంత అందమైన ప్లాను చూస్తే ఏ ఇంజినీరుకైనా ముచ్చటేస్తుంది.

1954లో అణుశక్తి శాఖ వచ్చింది, ట్రాంబేలో పరిశోధనా కేంద్రం మొదలైంది. 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగం మీద జరిగిన అంతర్జాతీయ సభకి భాభా అధ్యక్షుడు. రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తి కూడా మనిషి అదుపులోకి వస్తుందని అక్కడ అంచనా చెప్పారు. అది నేటికీ రాలేదు. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు పనిచేయడం మొదలెట్టింది. దాని కంట్రోల్ వ్యవస్థ వెనక ఉన్నది మన పశ్చిమ గోదావరి మనిషి అయ్యగారి సాంబశివరావు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టింది ఆయనే, ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరే.

అదే 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు సిలికాన్ సోలార్ సెల్ చూపించారు. పడిన ఎండలో ఆరు శాతమే కరెంటుగా మారేది, ధర చూస్తే కళ్లు తిరిగేవి. శాటిలైట్లకి తప్ప ఇంకెవరికీ అందేది కాదు. గాలి మరలు నీళ్లు తోడటానికి పనికొచ్చేవి, నగరాన్ని నడపలేవు. కాబట్టి ఎండనీ గాలినీ ఆయన లెక్కలోకి తీసుకోకపోవడం తప్పనలేం. తప్పు ఇంకోచోట ఉంది. 1980 నాటికి 8,000 మెగావాట్ల అణువిద్యుత్ వస్తుందని ఆ రోజుల్లో అంచనా వేశారు. 1980లో ఉన్నది ఏడు వందలు కూడా లేదు. 8,000 దాటింది 2024లో!

ఆలస్యానికి ఒక కారణం ఆయన ఎంచుకున్న దారిలోనే ఉంది. త్వరగా కరెంటు చూపించాలని తారాపూర్‌కి అమెరికా రియాక్టర్లు తెచ్చారు. వాటికి శుద్ధి చేసిన యురేనియం కావాలి, అదీ అమెరికా నుంచే. 1974లో పోఖ్రాన్ పరీక్ష తర్వాత ఆ ఇంధనానికి చిక్కులొచ్చాయి, రాజస్థాన్ రియాక్టర్లకి సాయం చేస్తున్న కెనడా తప్పుకుంది. ఎవరి మీదా ఆధారపడకూడదని మొదలైన పని కదా ఇది!

ఇప్పుడు చూస్తే సీన్ మారింది. 2025 జనవరిలో దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది, కానీ దాదాపు 6,000 ఎకరాలు పట్టింది. పైగా పొద్దు గూకితే సున్నా. రామగిరి కొండల మీది గాలిమరలు వానాకాలంలో జోరుగా తిరుగుతాయి, తర్వాత నీరసపడతాయి. అందుకే పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలే ఏర్పాటు చేశారు. అణుకేంద్రం రాత్రీ పగలూ నడుస్తుంది, పొగ ఉండదు, చోటు తక్కువ. దాని వ్యర్థాన్ని మాత్రం వేల ఏళ్లు కాపలా కాయాలి. కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. కొవ్వాడ వాళ్లని అడిగితే చెబుతారు. యురేనియం తవ్వకాలంటే నల్లమలలో ఎంత గొడవైందో, 2019లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం కూడా చేసింది.

ఇవేవీ భాభా చూడలేదు. బొమ్మలు వేసే మనిషి, పాశ్చాత్య సంగీతమంటే ప్రాణం, చెట్టు కొట్టేయడం ఇష్టం లేక వేళ్లతో సహా పెకలించి ఇంకోచోట నాటించిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. 1966 జనవరి 24న వియన్నాలో మీటింగుకి వెళ్తుండగా ఎయిర్ ఇండియా విమానం మాంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొట్టింది. 117 మంది పోయారు. ఆయనకి 56 ఏళ్లు. ఏడాది తర్వాత ట్రాంబే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. తారాపూర్ కరెంటు 1969లో వచ్చింది. మూడో మెట్టు కోసం ఆయన లెక్కేసిన థోరియం ఇంకా భీమిలి ఇసుకలోనే ఉంది.